చిన్నబోయిన తెర కారణం చెప్పదు

లినక్స్ అప్‌గ్రేడ్ పూర్తయింది. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక చూస్తే ఐకాన్లు బండగా, అక్షరాలు ఉబ్బినట్టు ఉన్నాయి. నిన్నటిదాకా 1920×1080లో ఉన్న మానిటర్ ఇవాళ 1024×768 దగ్గర ఆగిపోయింది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే పేజీ తెరిస్తే రిజల్యూషన్ జాబితాలో అదే పెద్దది, దాని కింద ఇంకా చిన్నవి ఒకటి రెండు. అంతకుముందు ఉన్న పెద్ద రిజల్యూషన్ ఏమైందో, ఎందుకు పోయిందో ఆ పేజీలో ఒక్క ముక్క కూడా ఉండదు.

రిజల్యూషన్ తగ్గినందుకు నాకేమీ కోపం లేదు. కార్డును నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, మన కళ్ళకు కనిపించే డెస్క్‌టాప్ మూడూ ఒకేసారి మారినప్పుడు ఎక్కడో ఒకచోట లంకె తెగుతుంది. అలాంటప్పుడు తెర మొత్తం నల్లబడకుండా ఏదో ఒక బొమ్మ వచ్చిందంటే సంతోషించాలి. నా ఫిర్యాదల్లా ఆ తర్వాతి మౌనం గురించి. లంకె ఎక్కడ తెగిందో కంప్యూటర్‌కు తెలుసు. తన డైరీలో రాసుకుంటుంది కూడా. ముందు కూర్చున్న మనిషికి మాత్రం చెప్పదు. చెప్పదు కాబట్టి మనం ఊహించుకుంటాం, ఊహించుకుని చిట్కాల వెంట పడతాం.

చిట్కాల్లో అన్నిటికన్నా పేరుమోసింది ఒకటుంది. సీవీటీ అనే కమాండ్‌కు 1920, 1080, 60 అని ఇస్తే మోడ్‌లైన్ అనే అంకెల వరస ఒకటి వస్తుంది. దాన్ని కాపీ చేసి ఎక్స్‌రాండర్ కమాండ్‌తో కొత్త మోడ్‌గా చేర్చి, మానిటర్‌కు తగిలించి, అందులోకి మారాలి. ఏళ్ళ తరబడి ఎవరు అడిగినా ఇదే మందు. కొందరికి పనిచేస్తుంది, అందుకే ఇంకా బతికుంది. చాలామంది విషయంలో మాత్రం పుండొకచోట, మందొకచోట. ఎందుకో చెప్పాలంటే అసలు తెరకు రిజల్యూషన్ ఎక్కణ్ణుంచి వస్తుందో చూడాలి.

ప్రతి మానిటర్‌లోనూ ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. అందులో ఆ మానిటర్ తన గురించి తాను రాసుకున్న చీటీ ఉంటుంది. దీన్ని ఈడీఐడీ అంటారు. వీసా అనే ప్రమాణాల సంస్థ 1994లో తెచ్చిన పద్ధతి ఇది. మనం పాస్‌పోర్టు మీద కొట్టించుకునే వీసాకూ దీనికీ సంబంధం లేదు. చీటీ మొదటి భాగం పొడవు సరిగ్గా 128 బైట్లు. అంత చిన్న చోటులోనే తయారుచేసిన కంపెనీకి మూడక్షరాల గుర్తు, తయారైన సంవత్సరం, తెర ఎన్ని సెంటీమీటర్ల వెడల్పు, ఎంత ఎత్తు, ఏయే రిజల్యూషన్లను చూపగలదు, వాటిలో తనకు బాగా నప్పేది ఏది అన్నీ ఇరికించారు. చివరి బైట్ లెక్క సరిచూసుకోవడానికి. 128 బైట్లనూ కూడితే మొత్తం 256తో నిశ్శేషంగా భాగించబడాలి, లేకపోతే చీటీ పాడైనట్టు లెక్క.

కేబుల్‌లో బొమ్మ వెళ్ళే తీగలు వేరు, ఈ చీటీ నడిచే తీగలు వేరు. పాత నీలం రంగు వీజీఏ కేబుల్‌లో 12, 15 నంబరు పిన్నులు దీనికోసం ఉన్నాయి. హెచ్‌డీఎంఐలో 15, 16. బొమ్మ చక్కగా వస్తూనే చీటీ రాకపోవచ్చు. చవక కేబుళ్ళు, కన్వర్టర్లు, ఒక మానిటర్‌ను రెండు కంప్యూటర్లకు పంచే స్విచ్ పెట్టెలు ఈ చీటీని మధ్యలో మింగేస్తుంటాయి. ఈ సంగతి తెలియక డ్రైవర్లు తీసేసి మళ్ళీ వేసుకుంటూ ఆదివారాలు పోగొట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను.

చీటీని చదవడం, దాని ప్రకారం తెరను అమర్చడం ఒకప్పుడు తెర మీద బొమ్మ గీసే ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రామ్ చేసేది. 2009లో వచ్చిన 2.6.29 కెర్నెల్‌తో మొదలుపెట్టి, ముందు ఇంటెల్ గ్రాఫిక్స్‌కూ తర్వాత మిగతావాటికీ, ఆ పని కెర్నెల్‌లోకి మారింది. కెర్నెల్ మోడ్ సెట్టింగ్ అంటే ఇదే. అంటే ఇవాళ మీ గ్రాఫిక్స్ కార్డుకు తగిన డ్రైవర్ కెర్నెల్‌లో లేచి నిలబడితేనే ఈడీఐడీ చదవడం, రెండో మానిటర్‌ను గుర్తించడం, బ్రైట్‌నెస్ మార్చడం లాంటివన్నీ జరుగుతాయి. డ్రైవర్ లేవలేదనుకోండి, మదర్‌బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్ బూట్ అయ్యేటప్పుడు ఏ సైజులో తెర పెట్టిందో దాన్నే పట్టుకుని ఒక సాదా డ్రైవర్ నెట్టుకొస్తుంది.

దీన్ని నేను ఆపద్ధర్మ ప్రభుత్వం అంటాను. రోజువారీ ఫైళ్ళు కదులుతాయి, కొత్త నిర్ణయాలేవీ ఉండవు. రిజల్యూషన్ మార్చమంటే దానికి అధికారం లేదు. త్రీడీ పనులు గ్రాఫిక్స్ కార్డుకు బదులు ప్రాసెసర్ మీద పడతాయి, ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది. కాకపోతే రాష్ట్రంలో ఆపద్ధర్మ ప్రభుత్వం వస్తే ఆ సంగతి పేపర్లో వేస్తారు. ఇక్కడ ఎవరూ చెప్పరు.

కాబట్టి తెర చిన్నదైనప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే. అసలు డ్రైవర్ లేచిందా, లేక డ్రైవర్ లేచినా మానిటర్ చీటీ అందలేదా? ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల ఒకదానికొకటి సంబంధం లేదు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కు చిన్న కే అక్షరం తగిలించి నడిపితే గ్రాఫిక్స్ కార్డు కింద ఏ కెర్నెల్ డ్రైవర్ వాడుకలో ఉందో ఒక లైన్ ఉండాలి. ఐ915 అనో, ఏఎండీజీపీయూ అనో, నూవో అనో, ఎన్‌విడియా అనో ఉంటే డ్రైవర్ లేచినట్టే. ఆ లైనే లేకపోతే ఆపద్ధర్మం నడుస్తోంది. సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీలో గ్రాఫిక్స్ అన్నచోట కార్డు పేరుకు బదులు ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉన్నా త్రీడీ బరువంతా ప్రాసెసర్ మోస్తోందనే అర్థం. చూశారా, తెలిసినవాడికి అక్కడ నిజం రాసే ఉంది. తెలియనివాడికి అదేదో కార్డు మోడల్ పేరులా కనిపిస్తుంది.

అప్‌గ్రేడ్ తర్వాత డ్రైవర్ లేవకపోవడానికి కారణాలు మరీ ఎక్కువేం లేవు. ఎన్‌విడియా వాళ్ళ సొంత డ్రైవర్ కెర్నెల్‌తో పాటు రాదు, బయటినుంచి తెచ్చి తగిలించుకోవాలి. కెర్నెల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే ఏర్పాటు దాన్ని మళ్ళీ కంపైల్ చేస్తుంది. దానికి ఆ కొత్త కెర్నెల్ హెడర్లు, అంటే కంపైల్‌కు ఆధారమయ్యే ఫైళ్ళు, కావాలి. అవి ఇన్‌స్టాల్ కాకపోయినా, పాత డ్రైవర్ కోడ్ కొత్త కెర్నెల్‌కు పొసగకపోయినా కంపైల్ ఆగిపోతుంది. ప్రత్యామ్నాయంగా కెర్నెల్‌తోనే వచ్చే నూవో డ్రైవర్ ఉంది కదా అంటే, ఎన్‌విడియా ప్యాకేజీ వచ్చేటప్పుడే దాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టేస్తుంది. రెండూ లేక మిగిలేది ఆపద్ధర్మమే. పాత కార్డులున్నవాళ్ళకు ఇంకో చిక్కు. జీఫోర్స్ 400, 500 శ్రేణి కార్డులను నడిపే 390 డ్రైవర్‌కు కంపెనీ మద్దతు 2022తో ముగిసింది. ఆ తర్వాతి కెర్నెళ్ళకు దాన్ని పొసగించే పని ఉబుంటు, డెబియన్ లాంటి డిస్ట్రోల వాళ్ళ ఓపిక మీద నడుస్తుంది. ఆ ఓపిక అయిపోయిన రోజున మీ కార్డు ఎంత బాగున్నా లాభం లేదు.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మరో మెట్టు. ఇంట్లో కంపైలైన డ్రైవర్ మీద కంప్యూటర్ గుర్తించే సంతకం ఉండాలి. ఆ సంతకాన్ని ఒప్పుకోమని రీస్టార్ట్ అయినప్పుడు నీలం తెర ఒకటి వస్తుంది. కాసేపు ఆగి, ఎవరూ ఏ మీటా నొక్కకపోతే వెళ్ళిపోతుంది. మనం ఆ సమయానికి టీ తెచ్చుకోవడానికి వెళ్ళి ఉంటాం. తర్వాత డ్రైవర్‌ను చేత్తో ఎక్కించబోతే కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్ అంటుంది. ఈ వాక్యం కనిపిస్తే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఏఎండీ కార్డులకు డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది, కానీ కార్డులోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైళ్ళు విడిగా రావాలి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను నాన్‌ఫ్రీ విభాగంలోంచి తీసి నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగంలో పెట్టారు. డెబియన్ 11 నుంచి వచ్చేవాళ్ళు ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్ లిస్టులో ఆ కొత్త పేరు చేర్చుకోవాలి. చేర్చకపోతే పాత ఫర్మ్‌వేర్ అలాగే ఉండిపోతుంది, కొత్త కెర్నెల్‌కు కావలసిన ఫైళ్ళు రావు. విడుదల నోట్స్‌లో ఇది స్పష్టంగా రాశారు. విడుదల నోట్స్ చదివే అలవాటు మనలో ఎంతమందికి ఉందో వేరే చెప్పాలా.

ఇంకొకటి చాలా చిన్నది. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నల్ల తెర వస్తే ఎవరో నోమోడ్‌సెట్ అనే మాట గ్రబ్‌లో, అంటే బూట్ మెనూ చూపే ప్రోగ్రామ్‌లో, పెట్టమని ఉంటారు. అది తాత్కాలికంగా వాడాల్సింది. అది ఉన్నంతకాలం కెర్నెల్ డ్రైవర్లను తెర జోలికి పోవద్దని మీరే ఆదేశిస్తున్నట్టు. పాత ఎన్‌విడియా డ్రైవర్ లాంటివి దాన్ని పెద్దగా పట్టించుకోవు కాబట్టి ఏళ్ళపాటు బయటపడకపోవచ్చు. డ్రైవర్ మారిన రోజున బయటపడుతుంది.

రెండో రకం, అంటే డ్రైవర్ లేచినా చీటీ రాకపోవడం, మా బావగారింట్లో చూశాను. వరంగల్‌లో ఉంటారు, లెక్చరర్‌గా రిటైరయ్యారు. పాత డెస్క్‌టాప్, దానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ మానిటర్, వీజీఏ కేబుల్. అప్‌గ్రేడ్ అయ్యాక ఫోన్ చేశారు. "బామ్మర్దీ, అక్షరాలు మంచిగ పెద్దగైనయ్. నాకైతే సులువే ఉన్నది. కాని ఎక్సెల్ షీట్ సగమే కనవడ్తంది" అన్నారు. డ్రైవర్ చూస్తే ఐ915 భేషుగ్గా నడుస్తోంది. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, దానిలో డీఆర్ఎం కింద ప్రతి సాకెట్‌కూ ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఈడీఐడీ అనే ఫైల్. మానిటర్ తగిలించి ఉన్నప్పుడు ఆ ఫైల్లో కనీసం 128 బైట్లు ఉండాలి. ఆయన కంప్యూటర్లో ఒక్క బైటూ లేదు.

మరి అప్‌గ్రేడ్‌కు ముందు ఎలా నడిచింది? ఆ కంప్యూటర్ ఏనాడూ ఆ మానిటర్ చీటీ చదవలేదు. దాన్ని మొదట అమర్చినాయన ఎక్స్ సర్వర్ అమరికలుండే ఎక్స్‌ఆర్గ్ కాన్ఫిగ్ ఫైల్లో చేత్తో మోడ్‌లైన్ రాసిపెట్టి వెళ్ళాడు. ఎక్స్ సర్వర్ బుద్ధిగా దాన్ని చదువుకుని పెద్ద రిజల్యూషన్ ఇస్తూ వచ్చింది. అప్‌గ్రేడ్‌తో డెస్క్‌టాప్ ఎక్స్‌కు బదులుగా వచ్చిన వేలాండ్ అనే కొత్త పద్ధతికి మారింది. వేలాండ్‌లో తెరను అమర్చే ప్రోగ్రామ్ ఎక్స్‌ఆర్గ్ ఫైళ్ళను చదవదు. కెర్నెల్ ఏమిస్తే అదే. మానిటర్ ఉందని తెలిసి, దాని చీటీ మాత్రం అందనప్పుడు కెర్నెల్ కోడ్ ఒక పని చేస్తుంది. ఏ తెర మీదైనా క్షేమంగా కనిపించే సైజులను 1024×768 వరకు జాబితాలో పెట్టి ఊరుకుంటుంది. ఆ రెండు అంకెలూ కోడ్‌లో అక్షరాలా అలాగే రాసి ఉన్నాయి. అందుకే ఏ దేశంలో ఏ కంపెనీ మానిటర్ అయినా ఈ సమస్యలో అదే అంకె కనిపిస్తుంది. పిన్నులన్నీ ఉన్న కొత్త కేబుల్ పెట్టగానే చీటీ వచ్చింది, 1920×1080 వచ్చింది. బావగారు వెంటనే అక్షరాలు చిన్నవయ్యాయని గొణిగారు. దానికి ఫాంట్ స్కేలింగ్ ఉంది లెండి.

ఇక్కడ అప్‌గ్రేడ్‌ను నిందించడం చాలా తేలిక, చాలామంది చేసేదీ అదే. నిజానికి పాత ఏర్పాటే తప్పును కప్పిపెట్టింది. పెద్ద పేరున్న ఆ ఎక్స్‌రాండర్ చిట్కా మీద నా మొదటి అభ్యంతరం కూడా ఇదే. తీగ తెగిందా, డ్రైవర్ లేవలేదా అని చూడకుండా పైన రంగు వేస్తుంది. లాగిన్ అయ్యాక నడిచేలా దాన్ని ఆటోస్టార్ట్‌లో పెట్టుకుంటారు, లాగిన్ తెర చిన్నగానే ఉంటుంది, మళ్ళీ అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు మళ్ళీ అదే టెన్షన్. రెండోది, డ్రైవరే లేకపోతే అది పనిచేయదు. తెర పేరు హెచ్‌డీఎంఐ అనో వీజీఏ అనో కాకుండా ఒట్టి డిఫాల్ట్ అని కనిపిస్తుంది, గామా సైజు దొరకలేదని ఒక లైన్ వస్తుంది, అక్కడితో సరి. ఆపద్ధర్మ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నట్టే. మూడోది, వేలాండ్‌లో ఎక్స్‌రాండర్‌కు అసలు తెర మీద పెత్తనం లేదు. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ 2025లో 49వ వెర్షన్‌తో ఎక్స్ సెషన్‌ను మామూలుగా రాకుండా ఆపేసింది కూడా. అంటే ఈ చిట్కాకు కాలం చెల్లుతోంది, చెప్పేవాళ్ళకు ఇంకా తెలియలేదు.

నాలుగో అభ్యంతరం కాస్త లెక్కలతో కూడింది, కానీ నాకు ఇష్టమైనది. 1920×1080 అంటే తెర మీద కనిపించే చుక్కలు మాత్రమే. ప్రతి వరస చివరా, ప్రతి ఫ్రేమ్ చివరా కనిపించని ఖాళీ కొంత ఉంటుంది. పాత పిక్చర్ ట్యూబుల్లో కిరణం వెనక్కి తిరిగి రావడానికి ఇచ్చిన వ్యవధి అది. సీవీటీ మామూలుగా ఇచ్చే మోడ్‌లైన్‌లో ఆ ఖాళీతో కలిపి మొత్తం 2576×1120 అవుతుంది. సెకనుకు దాదాపు 60 ఫ్రేములంటే పిక్సెల్ క్లాక్, అంటే సెకనుకు పంపాల్సిన చుక్కల లెక్క, 173 మెగాహెర్ట్జ్. సింగిల్ లింక్ డీవీఐకీ, తొలినాటి హెచ్‌డీఎంఐకీ పరిమితి 165. ఇరవై ఏళ్ళనాటి సాకెట్ ముందు 173 పెడితే డ్రైవర్ తోసిపుచ్చుతుంది, లేదా మానిటర్ అవుట్ ఆఫ్ రేంజ్ అంటుంది. అదే కమాండ్‌కు ఆర్ అనే అక్షరం తగిలించి ఖాళీ తగ్గించమంటే 138.5 మెగాహెర్ట్జ్‌తో అవే 1920×1080 చుక్కలు వస్తాయి. టీవీలు వాడే ప్రామాణిక టైమింగ్ 148.5. ఫ్లాట్ ప్యానెల్‌కు కిరణమే లేదు, దానికి అంత ఖాళీ ఎందుకు? చిట్కా ఇచ్చేవాళ్ళు ఆ ఒక్క అక్షరం చెప్పరు. అది విఫలమయ్యాక మానిటర్ పాడైందనుకుని కొత్తది కొనేవాళ్ళూ ఉన్నారు.

మళ్ళీ మౌనం దగ్గరికి వస్తాను. ఉబుంటు 2007 అక్టోబరులో 7.10 వెర్షన్‌తో బుల్లెట్‌ప్రూఫ్ ఎక్స్ అనే ఏర్పాటు తెచ్చింది. ఎక్స్ సర్వర్ మామూలుగా లేవకపోతే తక్కువ రిజల్యూషన్‌లో లేచి, సిస్టమ్ లో గ్రాఫిక్స్ మోడ్‌లో నడుస్తోందని పెట్టె చూపించేది. ఆ పెట్టెను తిట్టుకోనివాళ్ళు లేరు. దాన్ని చూస్తేనే గుండె జారేది. కానీ అది నిజం చెప్పింది. ఇప్పుడు మీరు మామూలు స్థితిలో లేరు, మీ కార్డును నేను గుర్తుపట్టలేకపోయాను అంది. ఆ తర్వాత ఇంజినీర్లు ఆపద్ధర్మ ఏర్పాటును మెరుగుపరుస్తూ వచ్చారు. 2021లో 5.14 కెర్నెల్‌తో సింపుల్‌డీఆర్ఎం అనే కొత్త సాదా డ్రైవర్ వచ్చాక అది ఇంకా నున్నగా అయింది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేరే పూర్తి రిజల్యూషన్ పెడుతుంది కాబట్టి తెర చిన్నదవను కూడా అవ్వదు. బ్రైట్‌నెస్ మీట పనిచేయదు, ప్రొజెక్టర్ తగిలిస్తే కనపడదు, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అవన్నీ ఒకే కారణానికి గుర్తులని ఎవరికి తడుతుంది? సాయం మెరుగైన కొద్దీ సమాచారం తగ్గిపోయింది.

దీనికి జవాబుగా వినిపించే మాట ఒకటుంది. మామూలు జనానికి అర్థంకాని సందేశాలతో భయపెట్టడం ఎందుకు అని. నేను దీనికి ఒప్పుకోను. 2007 పెట్టెలో లోపం ఏమిటంటే అది పని ఆపేసి, మీరే కాన్ఫిగర్ చేసుకోండి అని చేతులెత్తేసింది. నేనడిగేది పెట్టె కాదు, డిస్‌ప్లే పేజీలో ఒక లైన్. "ఈ మానిటర్ వివరాలు అందలేదు, కేబుల్ చూడండి" అని ఒక సందర్భంలో. "గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ కాలేదు, తాత్కాలిక డ్రైవర్ నడుస్తోంది" అని ఇంకో సందర్భంలో. ఈ రెండూ తెలుసుకోవడానికి డెస్క్‌టాప్‌కు జ్యోతిషం అక్కర్లేదు. ఈడీఐడీ ఫైల్ ఖాళీగా ఉందా, ఏ డ్రైవర్ పేరు నడుస్తోంది అని చూస్తే చాలు. పైగా గ్నోమ్ మెనూలను తెలుగులోకి తేవడానికి స్వచ్ఛందంగా శ్రమపడినవాళ్ళు ఉన్నారు. ఆ తెలుగు మెనూ వాడే మనిషికి అసలు అవసరమైన సమాచారం మాత్రం కెర్నెల్ లాగ్‌లో ఇంగ్లిష్‌లో పడి ఉంటుంది. డెస్క్‌టాప్ లైన్‌గా రాస్తే దాన్ని మన భాషలోకి తేవచ్చు. లాగ్‌లో ఉన్నదాన్ని ఎవరు తెస్తారు?

ఆ లైన్ వచ్చేదాకా మనమే చూసుకోవాలి. తెర చిన్నదైన రోజున మొదట గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్ళి పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూడండి. దానితో బాగుంటే కొత్త కెర్నెల్‌కు డ్రైవర్ కుదరలేదని తేలిపోతుంది, పని ఆగకుండా అక్కడే కొన్నాళ్ళు ఉండొచ్చు. పాతదానితోనూ అంతే అయితే కేబుల్, కన్వర్టర్ మార్చి చూడండి, వీలైతే మానిటర్‌ను ఇంకో సాకెట్‌కు తగిలించండి. చీటీ రాదు, మానిటర్ మార్చే ఉద్దేశమూ లేదంటే, గ్రబ్‌లో కెర్నెల్ లైన్‌కు వీడియో అనే పారామీటర్‌తో సాకెట్ పేరు, 1920×1080, 60 అని ఇవ్వండి. అది కెర్నెల్ దగ్గరే చెప్పడం కాబట్టి లాగిన్ తెరకూ వర్తిస్తుంది, వేలాండ్‌లోనూ నిలుస్తుంది. ఇవేవీ పనిచేయక ఎవరినైనా సాయం అడిగితే, నాది 1024 దగ్గర ఆగిపోయింది అని మాత్రమే రాయకండి. ఎల్ఎస్‌పీసీఐ చూపిన డ్రైవర్ లైన్, ఈడీఐడీ ఫైల్లో ఎన్ని బైట్లున్నాయో, సెషన్ ఎక్స్‌దా వేలాండ్‌దా, ఈ బూట్‌లో కెర్నెల్ లాగ్‌లో డీఆర్ఎం అని ఉన్న లైన్లు, ఈ నాలుగూ జతచేయండి. ఇవి చూశాక కూడా ఎవరైనా సీవీటీ అని మొదలుపెడితే, వాళ్ళకు థ్యాంక్స్ చెప్పి ఇంకొకరిని అడగండి.